రోళ్లు పగిలే ఎండలో ప్రాసెసర్ కూడా పగులుతుందా?

ప్రశ్న: నమస్తే సార్. కర్నూలులో కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో నాకో చిన్న ఫోటో స్టూడియో ఉంది, పెళ్లి వీడియోలు కూడా నేనే ఎడిట్ చేస్తాను. రెండున్నరేళ్ల కింద అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్, ఐ5 12400 ప్రాసెసర్, దానితోపాటు డబ్బాలో వచ్చిన ఫ్యానే ఇప్పటికీ ఉంది. ఉగాది దాటినప్పటి నుంచి వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే సగంలో నత్తనడక, ఒక్కోసారి ఏకంగా ఆఫ్ అయిపోతోంది. ముహూర్తాల సీజన్, పని ఆపితే కుదరదు, అందుకని నెలన్నరగా అట్లాగే నెట్టుకొచ్చాను. మొన్న ఒక సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే ప్రాసెసర్ 100 డిగ్రీలు చూపిస్తోంది! గుండె ఆగినంత పనైంది. రిపేరు షాపులో చూపిస్తే మూత కూడా తీయకుండా “వేడికి ప్రాసెసర్ దెబ్బతినింది, మార్చాల్సిందే, పన్నెండు వేలవుతుంది” అన్నారు. నిజంగా దెబ్బతినిందా లేదా అని ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందు ఆ పన్నెండు వేలు జేబులోనే పెట్టుకోండి. మూత తీయకుండా ప్రాసెసర్ పోయిందని చెప్పడం నాడి పట్టకుండా మందు రాసినట్టే. మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది: సిస్టమ్ ఆన్ అవుతోంది, విండోస్ వస్తోంది, సగం వరకైనా ఎక్స్‌పోర్ట్ నడుస్తోంది, వేడెక్కాకే మొరాయిస్తోంది. నిజంగా కాలిపోయిన ప్రాసెసర్ ఇంత పని చేయదు, దానితో స్క్రీన్ మీద బొమ్మే రాదు.

100 అనే అంకె చూసి హడలిపోయారు కదా, దాని సంగతి చెప్తాను. మీ 12400కి ఇంటెల్ పెట్టిన హద్దే 100 డిగ్రీలు. ప్రాసెసర్ లోపల వేడిని కొలిచే సెన్సర్లు ఉంటాయి, ఆ హద్దు తగలగానే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, దీన్నే థ్రాటిలింగ్ అంటారు, మీరు చూసిన నత్తనడక అదే. వేగం తగ్గినా వేడి ఆగకుండా ఇంకా పైకి పోతుంటే, ప్రాణం మీదికి రాకముందే కరెంటు తెంపేయమని మదర్‌బోర్డుకు సిగ్నల్ ఇచ్చి ఠక్కున ఆఫ్ అయిపోతుంది. మీకు రోగంలా కనిపించిన ఈ రెండూ ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి చేసే పనులు. అది కాపాడుకుంటోందీ అంటే దాని బుర్ర పనిచేస్తున్నట్టే కదా.

‘వేడికి కాలిపోయింది’ అనే మాట ఊరికే పుట్టిందని కూడా అనను. 2001లో ఒక పరీక్ష చేశారు, నడుస్తున్న కంప్యూటర్లలో ప్రాసెసర్ మీద ఉన్న హీట్ సింక్‌ను, అంటే దాని వేడిని లాగేసే లోహపు దిమ్మను, ఉన్నపళంగా పీకేశారు. పెంటియం 4 వేగం తగ్గించుకుని బతికింది, ఆనాటి ఏఎండీ అథ్లాన్ సెకన్లలో పొగ వదిలింది. ఆ రోజుల్లో రిపేరు బల్ల మీద కూర్చున్న నా ఈడు వాళ్లకు ఆ కమురు వాసన ఇంకా ముక్కులో ఉంది, అందుకే వేడి అనగానే నోటికి ‘ప్రాసెసర్ పోయింది’ అని వచ్చేస్తుంది. ఆ తర్వాత ఈ రక్షణ అన్ని ప్రాసెసర్లలోకీ వచ్చింది, నోటి అలవాటు మాత్రం మిగిలిపోయింది.

ఇక మన ఊరి ఎండ లెక్క. ప్రాసెసర్ మీద ఫ్యాన్ గాలిని చల్లబరచదు, గదిలో ఉన్న గాలినే విసురుతుంది. గది 25 డిగ్రీలు ఉన్నప్పుడు మీ ప్రాసెసర్ పనిలో 75 దగ్గర ఉందనుకోండి, గదికి అది 50 ఎక్కువ. అదే గది మే నెల మధ్యాహ్నం 42 అయితే ఆ 50 దాని మీద కూర్చుని 92 అవుతుంది, ఏ పార్టూ చెడిపోకుండానే. దానికి రెండున్నరేళ్ల దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ నుంచి హీట్ సింక్‌కు వేడిని దాటించే ముద్ద) కలిస్తే 100 దాటడానికి ఇంకేం కావాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ కార్తె రాకముందే, ఉగాది నుంచే మీ సిస్టమ్ చెప్పడం మొదలుపెట్టింది, మీరే సీజన్ అని చెవిన పెట్టలేదు.

అయితే వేడికి అసలు నష్టమే లేదా అంటే ఉంది, కానీ అది నెమ్మదిగా జరుగుతుంది. ప్రాసెసర్ లోపలి లోహపు తీగలు ఎంత సన్నమంటే, వాటిలో పారే కరెంటు ఏళ్ల తరబడి ఆ లోహం అణువులనే కొద్దికొద్దిగా పక్కకు నెడుతూ ఉంటుంది. ఏరు ఒడ్డును కోసినట్టు. వేడి పెరిగితే ఈ కోత త్వరపడుతుంది, వోల్టేజి కూడా పెరిగితే మరీ త్వరపడుతుంది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని పిచ్చిపిచ్చిగా క్రాష్ కావడానికి కంపెనీ చెప్పిన కారణం అవసరానికి మించిన వోల్టేజి, దానికి బయాస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చి వారంటీ మరో 2 ఏళ్లు పొడిగించారు కూడా. మీది 12వ తరం, ఆ గొడవలో లేదు. నెలన్నర పాటు 100 దగ్గర తిరిగిందని ఆ కోత కనబడేంత జరిగి ఉంటుందని నేను అనుకోను.

అనుకోవడం వేరు, తేల్చుకోవడం వేరు. తేల్చడానికి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే: వేడిగా ఉన్నప్పుడు మొరాయిస్తే అది జ్వరం, చల్లగా ఉన్నప్పుడు కూడా లెక్క తప్పితే అప్పుడు జబ్బు. కాబట్టి మొదట దాన్ని చల్లబరచాలి, పరీక్ష ఆ తర్వాతే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, కాలుతున్న సిస్టమ్ మీదే పరీక్షలన్నీ పెట్టి, అది పడిపోగానే చూశారా పోయింది అంటారు.

ఇది రాయడానికి ముందు మీకు ఫోన్ చేసి, పక్క మూత తీసి ఫ్యాన్ ఫోటో పంపమన్నాను గుర్తుందా? ఆ ఫోటో చూడగానే నవ్వొచ్చింది, కోప్పడకండి. ఇంటెల్ డబ్బాలో వచ్చే ఫ్యాన్‌కు నాలుగు నల్ల ప్లాస్టిక్ పిన్నులుంటాయి, బోర్డు రంధ్రాల్లో దిగి బిగుసుకోవాలి. మీ దాంట్లో కింద ఎడమ వైపు పిన్ను పైకి లేచి ఉంది. అంటే హీట్ సింక్ ఒక మూల ప్రాసెసర్‌ను సరిగా తాకడమే లేదు. టేబుల్ జరిపినప్పుడో, మొదట బిగించిన రోజే సరిగా దిగకో అలా అయి ఉంటుంది. చలికాలం అంతా ఎలాగో లాగింది, ఎండాకాలం రాగానే బయటపడింది. నా బల్ల మీదికి ‘వేడెక్కుతోంది’ అని వచ్చిన ఇంటెల్ డెస్క్‌టాప్‌లలో ఈ పిన్ను సంగతే ఎన్నిసార్లు చూశానో. నేనే ఒకసారి కొత్త హీట్ సింక్ కింద అంటించి ఉన్న పల్చటి ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించేసి, రెండు గంటలు బయాస్‌ను తిట్టుకుంటూ కూర్చున్నాను, కాబట్టి ఎవరినీ ఏమీ అనను.

ఇప్పుడు చేయాల్సింది. ముందుగా పెళ్లి వీడియోలన్నీ వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి, సిస్టమ్ ఏమైనా ఫర్వాలేదు కానీ ఒకరి తలంబ్రాలు పోతే మళ్లీ తీయలేం. తర్వాత ప్లగ్గు పీకి, ఫ్యాన్ వైరు విప్పి, పిన్నులను తిప్పి హీట్ సింక్ తీయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, గిరగిర తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో రెండు వైపులా తుడిచేసి, నడిమధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టండి, ఇంకా ఎక్కువ పెడితే ఎక్కువ చల్లబడుతుందనుకోవద్దు, దోసెకు కారం పూసినట్టు పూసేవాళ్లను చూశాను. పిన్నులను ఎదురెదురు మూలల చొప్పున నొక్కి, టిక్కుమని దిగిందో లేదో బోర్డు వెనక నుంచి కూడా చూడండి. ప్రాసెసర్‌ను మాత్రం సాకెట్ నుంచి తీయొద్దు, మీ మోడల్‌కు సన్నటి పిన్నులు బోర్డులోనే ఉంటాయి, ఒకటి వంగిందంటే లేని నష్టం తెచ్చుకున్నట్టే.

దీనికయ్యే ఖర్చు పేస్ట్ ట్యూబు, గుడ్డ, ఒక ఆదివారం.

ఆ తర్వాత బయాస్‌లోకి వెళ్లి సెట్టింగులన్నీ డిఫాల్ట్‌కు తెచ్చి, పవర్ లిమిట్ (ప్రాసెసర్ లాగే కరెంటుకు హద్దు) అనేది వెతికి 65 వాట్లు పెట్టండి. మీ 12400 మామూలు లెక్క 65 వాట్లే, టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు మాత్రం 117 వాట్ల దాకా లాగుతుంది, కొన్ని బోర్డులు ఆ పరిమితిని కూడా వదిలేస్తాయి. డబ్బాతో వచ్చిన ఆ చిన్న ఫ్యాన్ మన ఎండలో అంత వేడిని మోయలేదు. 65కి కట్టేస్తే పరీక్షలో వేడి అడ్డం రాదు, అప్పుడు తప్పు వస్తే అది నిజమైన తప్పు.

పరీక్ష తెల్లవారుజామున పెట్టండి, గది చల్లగా ఉండే వేళ. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సెన్సర్లు మాత్రమే చూపించే కిటికీ తెరిచి పక్కన పెట్టుకుని, ప్రైమ్95 అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో టార్చర్ టెస్ట్ (పేరే టార్చర్, ఏం చేస్తాం) నడపండి, అందులో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ అనే రకాన్ని ఎంచుకోండి. ఇది ప్రాసెసర్ చేత పెద్దపెద్ద లెక్కలు చేయించి, ముందే తెలిసిన జవాబుతో సరిచూసుకుంటుంది. ఒక్క అంకె తేడా వచ్చినా ఆ కోర్ (ప్రాసెసర్ లోపల విడిగా లెక్కలు చేసే భాగం) పని ఆపేసి ఎర్ర గుర్తు చూపిస్తుంది. దీనికి కావలసిన సరుకంతా ప్రాసెసర్ లోపలి క్యాష్ అనే చిన్న మెమరీలోనే సరిపోతుంది, అందువల్ల ర్యామ్ మీద నింద పడే అవకాశం తక్కువ. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో థర్మల్ థ్రాటిలింగ్ అనే వరుస ‘నో’ అనే ఉండాలి, ‘యెస్’ అయితే ఇంకా చల్లబడలేదని అర్థం, మళ్లీ పేస్ట్ దగ్గరికి వెళ్లండి. గంట సేపు నడిచి, వేడి 80 లోపు ఉండి, ఒక్క తప్పూ రాకపోతే మీ ప్రాసెసర్ నిక్షేపంలా ఉన్నట్టే. 80 లోపే ఉండి కూడా తప్పు వస్తే, అదీ ప్రతిసారీ ఒకే నంబరు వర్కర్ (ఒక్కో కోర్‌కు అప్పగించిన పని వరుస) దగ్గరే ఆగుతుంటే, అప్పుడు ఆ కోర్ మీద నాకు కూడా అనుమానం వస్తుంది.

అనుమానమే, తీర్పు కాదు. ఎందుకంటే అవకాశం తక్కువే అయినా, తప్పు చేసే ర్యామ్ కూడా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది. మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాని నుంచి బూట్ చేసి, రాత్రి పడుకునే ముందు పెట్టేయండి. తెల్లారి చూస్తే ఒక్క ఎర్రర్ ఉన్నా ముందు ర్యామ్ సంగతి చూడాలి, ఒక్కో స్టిక్కే ఉంచి మళ్లీ నడపాలి.

విండోస్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ కూడా తెరిచి చూడండి. అక్కడ కెర్నెల్-పవర్ 41 అని ఎర్రగా కనిపించగానే చాలామందికి టెన్షన్, అది చెప్పేది ఒక్కటే, సిస్టమ్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని. కరెంటు పోయినా అదే రాస్తుంది, మన ఊళ్లో ఎండాకాలం ఎన్ని ఉంటాయో మీకు తెలియనిదా. మీరు వెతకాల్సింది డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ అనే పేరుతో వచ్చే నమోదులు, ముఖ్యంగా 18, 19 నంబర్లవి. హార్డ్‌వేర్ తానే తప్పు పట్టుకున్నప్పుడు అవి పడతాయి. ఫ్యాన్ బిగించిన తేదీకి ముందు ఎన్ని, తర్వాత ఎన్ని అని చూసుకోండి, తర్వాత ఒక్కటీ లేకపోతే పాతవి వదిలేయండి.

ఇంకో మాట. బాగు చేశాక ప్రాసెసర్ వేడి 70 దగ్గరే ఉన్నా సిస్టమ్ ఠపీమని ఆఫ్ అవుతుంటే, లేదా ఆఫ్ అయి తనంతట తానే మళ్లీ ఆన్ అవుతుంటే, చూపు ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు అందించే డబ్బా) మీదికి మళ్లించండి. నా అనుభవంలో వోల్టేజి ఎక్కువ తక్కువలకు ముందు పోయేది అదే, తర్వాత మదర్‌బోర్డు, ప్రాసెసర్ చివరన ఎక్కడో ఉంటుంది. బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ చిన్న గుండ్రటి డబ్బాల్లా ఉండే కెపాసిటర్ల తలలు చదునుగా ఉన్నాయా, పూరీలా ఉబ్బాయా చూడండి. నెలన్నర ఆ వేడిలో మగ్గినప్పుడు ప్రాసెసర్ కన్నా వాటికే ఎక్కువ కష్టం.

ఇన్ని చేశాక కూడా తేలకపోతే మార్చి చూడటం ఒక్కటే గట్టి రుజువు: మీ ప్రాసెసర్‌ను సరిపోయే వేరే బోర్డులో, సరిపోయే వేరే ప్రాసెసర్‌ను మీ బోర్డులో. ఇది షాపులోనే అవుతుంది. అడగడానికి మొహమాటపడొద్దు, “అన్నా, నా కళ్ల ముందు వేరే బోర్డులో పెట్టి చూపించు, తప్పు చేస్తే నీ దగ్గరే కొత్తది కొంటా” అనండి. మంచి మెకానిక్ దీనికి ఏమీ అనుకోడు. ఇచ్చే ముందు ప్రాసెసర్ మూత మీద ఉన్న నంబరుకు ఫోటో తీసుకోండి, తిరిగొచ్చేది మీదేనని తెలియాలి కదా. నిజంగానే పోయిందని తేలితే కొత్తది కొనడానికి ముందు బిల్లు వెతకండి, ఇంటెల్ డబ్బాతో అమ్మిన ప్రాసెసర్‌కు 3 ఏళ్ల వారంటీ ఉంటుంది, మీకు ఇంకా ఆరు నెలలు మిగిలింది. డబ్బా లేకుండా విడిగా అమ్మిన ట్రే సరుకైతే అమ్మినవాళ్లనే అడగాలి.

కూలర్ మార్చమని ఒకాయనకు చెబితే గదిలో నీళ్ల కూలర్ మార్చి వచ్చాడు, అందుకని విడమరిచి చెప్తున్నా: వచ్చే ఎండాకాలం లోపు ప్రాసెసర్ మీద ఉండే ఫ్యాన్‌ను కాస్త పెద్ద టవర్ కూలర్‌గా మార్చుకోండి, వేడి పైపులు ఉన్నది. గదిలో నీళ్ల కూలర్ పెట్టుకుంటే మంచిదే, కానీ దాని మూతి సిస్టమ్ వైపు తిప్పొద్దు, ఆ తడి గాలికి దుమ్ము ముద్దకట్టి హీట్ సింక్ సందుల్లో పిడకలా అంటుకుంటుంది. కంప్యూటర్ టేబుల్ కింద మూడు వైపులా మూసి ఉండే చెక్క గూడులో పెట్టి ఉంటే బయటికి తీయండి.

ప్రశ్న: సార్, నేను అనంతపురంలో బీటెక్ చదువుతున్నా. గేమ్ ఆడుతుంటే ల్యాప్‌టాప్ 95 డిగ్రీలు దాటేది. ఇప్పుడు ఆడకపోయినా చాలా స్లో అయింది, ప్రాసెసర్ వేగం 0.4 గిగాహెర్ట్జ్ దాటడం లేదు. ప్రాసెసర్ కాలిపోయినట్టేనా? – ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: తమ్ముడూ, కాలిపోయిన ప్రాసెసర్ 0.4 దగ్గర కుదురుగా కూర్చోదు. అంత తక్కువలో, అంత కచ్చితంగా ఆగిందంటే దాన్ని బయటి నుంచి ఎవరో కట్టేశారని అర్థం. ల్యాప్‌టాప్‌లో వేరే భాగాలు కూడా ‘వేడెక్కింది, నెమ్మదించు’ అనే సిగ్నల్‌ను ప్రాసెసర్‌కు పంపగలవు. చార్జర్‌ను గుర్తుపట్టకపోయినా కొన్ని ల్యాప్‌టాప్‌లు అదే పని చేస్తాయి. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద చూడు, తర్వాత స్నేహితుడి దగ్గర అదే కంపెనీ, అదే వాట్లున్న అసలు చార్జర్ తెచ్చి చూడు. వేగం తిరిగొస్తే పోయింది చార్జరో దాని పిన్నో. మారకపోతే ప్రైమ్95 దాకా పోకు, సర్వీస్ వాళ్ల చేత లోపలి సెన్సర్లు, బోర్డు చూపించు. నాకు దీనికన్నా భయం బ్యాటరీ గురించి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుగా, మూత సరిగా మూసుకోనట్టుగా ఉంటే బ్యాటరీ ఉబ్బిందన్నమాట, వెంటనే వాడటం ఆపేయ్, హాస్టల్ మంచం మీద, దుప్పటి మీద అస్సలు పెట్టకు.

ప్రశ్న: కడపలో ఒకాయన పాత రైజెన్ 5 3600 ప్రాసెసర్ బోర్డుతో సహా తక్కువకే ఇస్తానంటున్నాడు. ‘బాగా వేడెక్కేది, అందుకే అమ్ముతున్నా’ అని తానే చెప్పాడు. తీసుకోవచ్చా? – ఒక పాఠకుడు, కడప

జవాబు: నిజం చెప్పాడు కాబట్టి సగం మార్కులు ఇవ్వొచ్చు. నడిపి చూపించమనండి, విడిగా చేతిలో పెడితే వద్దు. ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేరు 3600 అనే పడుతోందా, 6 కోర్లు, 12 థ్రెడ్లు చూపిస్తోందా చూడండి. తర్వాత ప్రాసెసర్ వేగానికి మార్కులు వేసే సినీబెంచ్‌ను వరసగా నాలుగైదు సార్లు నడపండి. మార్కులు ప్రతిసారీ దగ్గరదగ్గరగా వస్తే మంచిది, ఒక్కోసారికి దిగజారుతుంటే వేడి వల్ల, అది పేస్ట్‌తో పోతుంది. మధ్యలో బ్లూ స్క్రీన్ వస్తే మాత్రం లేచి వచ్చేయండి, ధర ఎంత తగ్గించినా సరే. కొన్నాక హీట్ సింక్ తీయాల్సి వస్తే, ఈ తరం రైజెన్‌కు పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి, ఎండిన పేస్ట్ అంటుకుని హీట్ సింక్‌తోపాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి. అందుకని ముందు పది నిమిషాలు ఏదైనా బరువు పని ఇచ్చి వేడెక్కించి, ఆఫ్ చేసి ప్లగ్గు పీకి, హీట్ సింక్‌ను నిలువుగా లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ విడదీయండి.